గీత చెదిరితే పని చెడుతుంది

హాస్టల్లో చేరిన రోజు నుంచి ఉద్యోగంలో చేరే రోజు వరకు మనల్ని వదలని నేస్తం ఒకటుంది. అది పుస్తకం కాదు, కంచం గ్లాసూ కావు. ట్రంకు పెట్టె అడుగున ప్లాస్టిక్ కవరులో దాచుకున్న కాగితాల కట్ట. కుల ధ్రువపత్రం, ఆదాయ ధ్రువపత్రం, ఆధార్, పదో తరగతి మార్కుల జాబితా, స్టడీ సర్టిఫికెట్లు, బ్యాంకు పాసుపుస్తకం మొదటి పేజీ... ఇవి లేకుండా మనకు సీటు లేదు, స్కాలర్‌షిప్ లేదు. ఈ కాగితాల్లో చాలావాటి మీద నల్లని గీతల వరుసో, నలుపు తెలుపు గళ్ల చతురస్రమో ఉంటుంది. మొదటిదాన్ని బార్‌కోడ్ అంటాం, రెండోదాన్ని క్యూఆర్ కోడ్ అంటాం. వాటివైపు మనం ఎప్పుడైనా సరిగ్గా చూశామా? మేమూ చూడలేదు, ఒక తమ్ముడికి ఇబ్బంది వచ్చేదాకా.

ఆ తమ్ముడు ఇంటర్ పాసై ఒక పట్నంలో సర్టిఫికెట్ల పరిశీలనకు వెళ్లాడు. ఒక పత్రం ఇంట్లో మరచిపోయాడు. ఇంటి దగ్గర చెల్లెలు దాన్ని ఫోనులో ఫోటో తీసి మేనమామకు పంపింది. మేనమామ మాకు పంపాడు, మేము తమ్ముడికి పంపాం. వాడు అక్కడి దుకాణంలో ప్రింటు తీయించి ఇచ్చాడు. కౌంటరు దగ్గరి ఆయన స్కానర్ పెట్టి చూశాడు. ఒకసారి, రెండుసార్లు, మూడోసారి. కింద ఉన్న నంబరు టైపు చేద్దామంటే చివరి అంకెలు 3 అనాలో 8 అనాలో తెలియడం లేదు. "ఇది తీసుకోట్లేదు బాబూ, ఒరిజినల్ పట్టుకు రావాల" అన్నాడు. ఆయన తప్పేమీ లేదు. మర్నాడు వాళ్ల నాన్న కూలి మానుకుని, రెండు బస్సులు మారి ఒరిజినల్ పట్టుకెళ్లాడు. పని జరిగింది. కానీ ఒక రోజు కూలి, ఇద్దరి దారి ఖర్చులు, ఒక రాత్రి నిద్ర పోయాయి.

కంటికి స్పష్టంగానే కనబడుతున్న కాగితాన్ని యంత్రం ఎందుకు చదవలేకపోయింది? ఆ ప్రశ్నకు జవాబు వెతుక్కుంటూ మేము తెలుసుకున్నది ఇక్కడ రాస్తున్నాం.

గీతల భాష ఎక్కడి నుంచి వచ్చింది?

అమెరికాలో నార్మన్ జోసెఫ్ వుడ్‌లాండ్, బెర్నార్డ్ సిల్వర్ అనే ఇద్దరు మిత్రులు దుకాణంలో సరుకుల లెక్క తనంతట తాను జరిగే ఉపాయం కోసం ఆలోచించారు. వుడ్‌లాండ్ మయామీ సముద్రతీరాన కూర్చుని, టెలిగ్రాఫ్‌లో వాడే మోర్స్ చుక్కలూ గీతలూ తలచుకుంటూ ఇసుకలో వేళ్లతో కిందికి గీశాడట. చుక్క సన్నగీత అయింది, గీత లావు గీత అయింది. 1949లో దరఖాస్తు చేస్తే 1952 అక్టోబరు 7న పేటెంటు వచ్చింది. అయితే చదివే యంత్రాలు అందుబాటులోకి రావడానికి ఇంకో ఇరవై ఏళ్లు పట్టింది. ఐబీఎం సంస్థలో జార్జ్ లారర్ రూపుదిద్దిన గీతల కోడ్‌ను 1973లో అక్కడి కిరాణా వ్యాపారులు ఒప్పుకున్నారు. 1974 జూన్ 26న ఒహాయో రాష్ట్రంలోని ట్రాయ్ ఊరి దుకాణంలో ఒక చూయింగ్ గమ్ ప్యాకెట్టును మొట్టమొదటగా స్కాన్ చేశారు.

గళ్ల చతురస్రం జపాన్‌ది. డెన్సో సంస్థలో మసాహిరో హారా బృందం 1994లో మోటారు కార్ల విడిభాగాల లెక్క కోసం దాన్ని తయారు చేసింది. ఇప్పుడు సంతలో కూరగాయల బండి మీద కూడా అదే కనబడుతుంది.

మన పత్రాల్లోకి ఇవి కంప్యూటర్లతో పాటు వచ్చాయి. మన రాష్ట్రంలో 2011లో మీసేవ మొదలయ్యాక తహసీల్దారు గారి చేతిరాత సర్టిఫికెట్ల బదులు నంబరు వేసిన కంప్యూటర్ సర్టిఫికెట్లు వచ్చాయి. ఇంటర్ పరీక్షలో ఓఎంఆర్ బార్‌కోడ్ షీటు వచ్చింది. స్పీడ్ పోస్టు కవరు మీద 13 అక్షరాల నంబరు, దానిపై గీతలు వచ్చాయి. 2018 నుంచి ఆధార్ క్యూఆర్ కోడ్‌లో పేరు, చిరునామాలతో పాటు ఫోటో, డిజిటల్ సంతకం కూడా ఇమిడ్చారు. ఇంత సమాచారం పట్టాలి కనుకనే ఆ గళ్లు నువ్వు గింజల కన్నా చిన్నవిగా ఉంటాయి.

యంత్రం చదివేది గీతను కాదు, వెడల్పును

ఇది అసలు కిటుకు. మనం అక్షరాన్ని ఆకారం చూసి గుర్తుపడతాం. 'అ' కొంచెం చెరిగినా 'అమ్మ' అని చదివేస్తాం, ఎందుకంటే మనకు మాట తెలుసు. స్కానర్‌కు మాట తెలియదు. అది ఒక పక్క నుంచి ఇంకో పక్కకు వెలుగు నడిపిస్తూ, నలుపు ఎంత వెడల్పు, తెలుపు ఎంత వెడల్పు అని కొలుస్తుంది. అందులో అతి సన్నని గీత వెడల్పును మనం ఒక 'గడి' అనుకుందాం. మిగిలిన గీతలూ ఖాళీలూ రెండు గళ్లు, మూడు గళ్లు, నాలుగు గళ్ల వెడల్పు ఉంటాయి. అంటే గీతల మధ్య తెల్లని ఖాళీ కూడా అక్షరమే! గీత లావెక్కితే పక్కనున్న ఖాళీ సన్నబడుతుంది. రెండూ తప్పుతాయి.

ఒక లెక్క చేద్దాం. స్పీడ్ పోస్టు వంటి చోట వాడే పద్ధతి పేరు కోడ్ 128. అందులో ఒక్కో అక్షరానికి 11 గళ్లు. మొదలు గుర్తుకు 11, సరిచూసే గుర్తుకు 11, ముగింపు గుర్తుకు 13. ఒక్కో అక్షరాన్ని విడిగా రాస్తే 13 అక్షరాల నంబరుకు మొత్తం 178 గళ్లు. దాన్ని 5 సెంటీమీటర్ల వెడల్పులో అచ్చువేస్తే ఒక గడి 0.28 మిల్లీమీటర్లు. ఈ సంఖ్యను గుర్తుంచుకోండి, దీనితోనే ఫ్యాక్సునూ స్కానర్‌నూ ఫోనునూ పరీక్షిద్దాం.

ఫ్యాక్సు పరీక్ష

మన అన్నలకు ఫ్యాక్సు బాగా తెలుసు. ఎస్టీడీ బూత్‌లో పేజీకి ఇంత అని ఇచ్చి పంపేవారు. తమ్ముళ్లు చూసి ఉండకపోవచ్చు. ఫ్యాక్సు కాగితాన్ని అడ్డ వరుసలుగా కోసి, ఒక్కో వరుసను చుక్కలు చేసి టెలిఫోను తీగ మీద పంపుతుంది. ప్రతి చుక్కా నలుపో తెలుపో, మధ్యలో బూడిద రంగు లేదు. 1980లో ప్రపంచమంతా ఒప్పుకున్న పద్ధతి ప్రకారం అడ్డంగా అంగుళానికి 204 చుక్కలు. నిలువుగా మామూలు పద్ధతిలో అంగుళానికి 98 వరుసలు, 'ఫైన్' మీట నొక్కితే 196 వరుసలు.

అడ్డంగా ఒక చుక్క సుమారు 0.12 మిల్లీమీటర్లు. మన గడి 0.28. అంటే ఒక గడికి రెండుంపావు చుక్కలు. కానీ పావు చుక్క అనేది ఉండదు గదా! కనుక ఒక చోట గడి రెండు చుక్కలవుతుంది, ఇంకో చోట మూడవుతుంది. రెండు గళ్ల ఖాళీ నాలుగున్నర బదులు నాలుగు చుక్కలవుతుంది. మూడు చుక్కల గీత ఒకటా, నాలుగు చుక్కల ఖాళీ రెండా అని యంత్రం తేల్చుకోవడం కష్టం. గీతలన్నీ ఒకే తీరున లావెక్కితే యంత్రం సర్దుకోగలదు. ఒక్కోటి ఒక్కో తీరున మారితేనే చిక్కు.

ఇక కాగితం మీద బార్‌కోడ్ పక్కకు తిరిగి, నిచ్చెన మెట్లలా ఉంటే? అప్పుడు దాని వెడల్పును నిలువు వరుసలు కొలవాలి. మామూలు పద్ధతిలో ఒక వరుస 0.26 మిల్లీమీటర్లు. గడికి ఒక్క చుక్కే మిగులుతుంది. అదే కాగితం, అదే యంత్రం, అదే ఖర్చు. పెట్టిన దిశ మారడంతో కోడ్ పోయింది.

నిలువు గీతలకు ఇంకో మేలు ఉంది. టెలిఫోను తీగలో గరగర వల్ల ఒక వరుస చెడిపోయినా, ఆ గీతలు పైనుంచి కిందికి అవే కనుక పక్క వరుసలో చదువుకోవచ్చు. బార్‌కోడ్‌ను అంత ఎత్తుగా వేయడంలో మర్మం ఇదే. అదే సమాచారం వందసార్లు కింద కింద రాసినట్టు. అయితే పంపే యంత్రం అద్దం మీద ఒక ధూళి రేణువు ఉంటే పేజీ పొడుగునా నల్లని చార పడుతుంది. అది స్కానర్ కంటికి ఇంకో గీతలాగే ఉంటుంది. ఆ చార వందసార్లూ పడుతుంది కనుక తప్పించుకునే దారి లేదు. కాగితాన్ని లాక్కుని స్కాన్ చేసే యంత్రాలన్నింటికీ ఈ జబ్బు ఉంది.

జిరాక్సుకు జిరాక్సు

మనలో చాలామంది ఒరిజినల్ నలుగుతుందని జిరాక్సుకే జిరాక్సు తీయిస్తాం. ప్రతిసారీ గీత అంచు కొంచెం అరుగుతుంది, నల్లపొడి కొంచెం చిమ్ముతుంది. అక్షరం కనబడుతూనే ఉంటుంది, వెడల్పు మాత్రం మారిపోతుంది. అక్షరాలు బాగా రావాలని దుకాణదారు 'డార్క్' పెంచితే సన్నని తెల్ల ఖాళీలు పూడిపోతాయి. పొడి అయిపోవచ్చి 'లైట్'గా వస్తే సన్నగీతలు తెగుతాయి. పేజీలో పట్టాలని తగ్గించి తీస్తే గడి మరీ చిన్నదవుతుంది.

ఇందులో మనకు మన ఊరే పాఠం చెబుతుంది. శ్రీముఖలింగం గుడి స్తంభాల మీదా గోడల మీదా గంగరాజుల కాలపు శాసనాలున్నాయి. వాటికి నకలు ఎలా తీస్తారో తెలుసా? రాతిని శుభ్రం చేసి, తడి కాగితం పరచి, అక్షరాల గాళ్లలోకి దిగేలా కుంచెతో కొడతారు. ఆరీ ఆరకముందు సిరా గుడ్డతో అద్దుతారు. అక్షరం తెల్లగా, చుట్టూ నల్లగా వస్తుంది. గాట్లలో సున్నమో నాచో ఉంటే ఆ అక్షరం నకలులో రాదు. వంశధార ఒడ్డున, శ్రీముఖలింగం దగ్గరి పర్వతాలపేటలో 1863లో పుట్టిన గిడుగు వేంకట రామమూర్తి పంతులు గారు ఈ ముఖలింగం శాసనాలను స్వయంగా చదవడం నేర్చారు. అరిగిన అక్షరాన్ని ఆయన వంటి పండితులు ముందూ వెనకా మాటలు చూసి పూరించగలరు. స్కానర్‌కు ఆ పాండిత్యం లేదు. అది చూసిందే చెబుతుంది, లేదా చెప్పకుండా ఊరుకుంటుంది.

ఫోను ఫోటో సంగతి

ఇప్పుడు మన తమ్ముడి కథకు వద్దాం. ఫోను కెమెరా చాలా స్పష్టంగా తీస్తుంది. చెల్లెలు తీసిన ఫోటో బహుశా బాగానే ఉంది. చెడింది దారిలో. వాట్సాప్‌లో మామూలుగా ఫోటో పంపితే డేటా తగ్గడానికి దాన్ని చిన్నది చేసి పంపుతుంది. పొడుగు వైపు సుమారు 1600 చుక్కలకు కుదిస్తుందనుకోండి. ఎ4 కాగితం పొడుగు 297 మిల్లీమీటర్లు. 297ను 1600తో భాగిస్తే చుక్కకు 0.186 మిల్లీమీటర్లు. మన గడి 0.28 కనుక గడికి ఒకటిన్నర చుక్క! కనీసం రెండు, బాగా చదవాలంటే మూడు చుక్కలుండాలి. అదీ కాగితం ఫోటో నిండా ఉంటే. చుట్టూ మంచం, గచ్చు కూడా పడి కాగితం సగమే ఉంటే గడికి ముప్పావు చుక్క. సన్నగీత ఉనికే లేదు.

చిన్నది చేయడంతో ఆగదు. ఫోటోను 8 చుక్కల పొడవు, 8 చుక్కల వెడల్పు ముక్కలుగా చేసి, ఒక్కో ముక్కలో సూక్ష్మమైన మార్పులను వదిలేస్తుంది. ముఖాల ఫోటోలకు ఈ పద్ధతి బాగుంటుంది, బుగ్గ మీద నీడ కొంచెం మారితే ఎవరికి తెలుస్తుంది? బార్‌కోడ్‌లో ఉన్నదంతా సూక్ష్మమైన మార్పులే! గీత అంచు దగ్గర బూడిద మసక చేరుతుంది. ఎవరైనా స్క్రీన్‌షాట్ తీసి మళ్లీ పంపితే మళ్లీ అదే తంతు. అదే జిరాక్సుకు జిరాక్సు.

అదే ఫైలును 'డాక్యుమెంటు'గా పంపితే వాట్సాప్ దాన్ని తాకదు. ఒక్క చుక్క కూడా పోదు. ఇక వెబ్‌సైటు నుంచి, లేదా 2015లో మొదలైన డిజిలాకర్ నుంచి దించుకున్న పీడీఎఫ్ ఉంటే దానికి మించినది లేదు. దాన్ని వందమందికి పంపినా వందో వారికీ మొదటివారికి వచ్చినట్టే వస్తుంది.

స్కానర్‌తో తీస్తే? అంగుళానికి 200 చుక్కల దగ్గర మన గడికి 2.2 చుక్కలు, అంటే అంచు మీద ఉన్నట్టు. 300 దగ్గర 3.3 చుక్కలు, మంచిది. అందుకని 300 అడగండి.

చదవకపోవడమే మేలు!

యంత్రం చదవనన్నప్పుడు మనకు కోపం వస్తుంది. నిజానికి అది మనకు చేసే ఉపకారం. తప్పుగా చదివితే మన స్కాలర్‌షిప్ ఇంకొకరి ఖాతాలో పడవచ్చు. అందుకే కోడ్‌లో సరిచూసే అంకె పెడతారు. సరుకుల మీది 13 అంకెల కోడ్ చూడండి. భారతదేశంలో నమోదైన సంస్థలవి 890తో మొదలవుతాయి. ఉదాహరణకు 890123456789 అనే 12 అంకెలు తీసుకుందాం. బేసి స్థానాల్లోని అంకెలు కూడితే 8+0+2+4+6+8 = 28. సరి స్థానాల్లోవి 9+1+3+5+7+9 = 34, దాన్ని 3తో గుణిస్తే 102. రెండూ కలిపితే 130. పక్కనున్న పదుల సంఖ్య చేరడానికి ఏమీ కలపనక్కరలేదు కనుక 13వ అంకె 0. ఇప్పుడు ఏడో స్థానంలోని 4ను చెరిగిపోయి 5 అని చదివిందనుకోండి. మొత్తం 131 అవుతుంది, చివరి అంకె 9 కావాలి, కానీ కాగితం మీద 0 ఉంది. యంత్రం వెంటనే వద్దంటుంది. ఒక బిస్కెట్ ప్యాకెట్టు తీసుకుని మీరే చేసి చూడండి.

క్యూఆర్ కోడ్ ఇంకో అడుగు ముందుకు వేసింది. తప్పును పట్టడమే కాదు, దిద్దుకుంటుంది కూడా. తయారు చేసేటప్పుడు ఎంచుకున్న స్థాయిని బట్టి సుమారు 7, 15, 25 లేదా 30 శాతం దాకా చెడినా మిగిలినదానితో పూరించుకుంటుంది. అయితే మూడు మూలల్లో ఉండే పెద్ద చతురస్రాలు దాని కళ్లు. ఒక మూల మీద స్టాప్లర్ పిన్ను కొడితే, గళ్లెన్ని బాగున్నా అది ఎక్కడ మొదలో యంత్రానికి తెలియకపోవచ్చు. ఇంకొకటి, కోడ్ అంతా ఒకే తీరున మసకబారితే ఈ దిద్దుబాటు పనిచేయదు. చిరుగుకు మందుంది, మసకకు లేదు.

ముద్ర పడిన చోటు

మనకు అలవాటైన ఇంకో పొరపాటు ఎటెస్టేషన్ ముద్ర. ఖాళీ ఎక్కడుందా అని చూసి బార్‌కోడ్ పక్కనో, దాని మీదనో వేస్తారు. కోడ్‌కు రెండు వైపులా ఉండే తెల్లని ఖాళీ వృథా కాదు. 'ఇక్కడ మొదలు, ఇక్కడ ముగింపు' అని చెప్పే హద్దు అది. కోడ్ 128కు రెండు పక్కలా పదేసి గళ్ల ఖాళీ ఉండాలి. క్యూఆర్‌కు నాలుగు పక్కలా నాలుగేసి గళ్లు.

ఇంకా ఒక విచిత్రం. చాలా స్కానర్లు ఎర్రని వెలుగుతో చూస్తాయి. ఎర్ర సిరా ఆ వెలుగులో తెల్లగానే కనబడుతుంది, కనుక ఒరిజినల్ మీద ఎర్ర ముద్ర పడినా ఒక్కోసారి చదివేస్తుంది. నీలం సిరా మాత్రం నల్లగా కనబడుతుంది. అదే ఎర్ర ముద్ర కాగితాన్ని జిరాక్సు తీస్తే ముద్ర కూడా నల్లగా అచ్చవుతుంది. అప్పుడు ఏ వెలుగులోనూ చదవదు. "ఒరిజినల్ చదివింది గదా, జిరాక్సు ఎందుకు చదవదు?" అంటే ఇదీ ఒక కారణం.

మనం చేయవలసినవి

1. పత్రం వచ్చిన రోజే పీడీఎఫ్ ఉంటే దించుకుని దాచుకోవాలి. లేకపోతే 300 చుక్కల స్కాన్ తీయించాలి.
2. ఫోటోగా కాక డాక్యుమెంటుగా పంపాలి. స్క్రీన్‌షాట్ వద్దు.
3. ఫోటో తప్పనిసరైతే కాగితం ఫ్రేము నిండా, తిన్నగా, వెలుతురులో, నీడ పడకుండా తీయాలి. కోడ్ దగ్గరగా ఇంకో ఫోటో విడిగా తీయాలి.
4. జిరాక్సు ఎప్పుడూ ఒరిజినల్ నుంచే, నూరు శాతం సైజులో తీయించాలి. ప్రింటు తీసేటప్పుడు కూడా తగ్గించకుండా 'అసలు సైజు' ఎంచుకోవాలి.
5. కాగితం మడత కోడ్ మీద పడకూడదు. పిన్ను, టేపు, ముద్ర, సంతకం అక్కడ వద్దు. ముద్ర వేసే పెద్దలకు "సార్, ఈ పక్కన వేయండి" అని వినయంగా చెప్పాలి.
6. కోడ్ కింద ఉన్న నంబరును నోటుబుక్కులో చేత్తో రాసిపెట్టుకోవాలి. యంత్రం మొరాయిస్తే ఆ నంబరే ఆదుకుంటుంది.
7. ఇచ్చే ముందు మీ ఫోనుతో ఒకసారి స్కాన్ చేసి చూడాలి. ఆధార్ కోడ్‌కైతే ఆధార్ సంస్థ వారి యాప్ కావాలి.
8. ఆధార్ కోడ్‌లో మీ వివరాలన్నీ ఉంటాయి. గ్రూపుల్లో పెట్టకూడదు, అడిగిన వారికే పంపాలి.

చివరగా, ఈ సంచిక చదువుతున్న పూర్వ విద్యార్థులకు ఒక మనవి. అన్నలారా, అక్కలారా! విశాఖలో, హైదరాబాదులో, ఇంకా దూరాన ఉండి కూడా తమ్ముళ్లకు దరఖాస్తులు పెట్టిపెడుతున్నది మీరే. "సర్టిఫికెట్ ఫోటో పంపరా" అనే బదులు "ఫైలు పంపరా" అనండి. ఆ ఒక్క మాట చాలు.

మన ఇళ్లలో అమ్మానాన్నలు చాలామంది ఈ కాగితాలను చదవలేరు. అయినా వానలో తడవకుండా, చెద పట్టకుండా కాపాడి మన చేతిలో పెట్టారు. వాటిని గమ్యం దాకా చెదరకుండా చేర్చడం చదువుకున్న మన వంతు. ఇంకో నాన్న ఇంకో రోజు కూలి పోగొట్టుకుని బస్సెక్కకూడదనే ఈ నాలుగు మాటలు రాశాం.